నాలుగు నిమిషాల ప్రమాదం, ఇరవై నెలల దర్యాప్తు

2020 అక్టోబరులో వాయుగుండం వచ్చిన రాత్రి, విశాఖ తీరానికి ఎదురుగా లంగరేసుకుని ఉన్న బంగ్లాదేశ్ ఓడ 'ఎంవీ మా' గాలికి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు కింద ఒడ్డెక్కేసింది. పదిహేనుమంది సిబ్బందీ క్షేమంగా బయటపడ్డారు. ఇక చూడాలి, ఊరు ఊరంతా అక్కడే. సెల్ఫీలు, మొక్కజొన్న పొత్తులు, ట్రాఫిక్ జామ్. ఆ గుంపులో నా పక్కన నిలబడ్డ ఓ పెద్దాయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ఇందులో తేల్చడానికేటుంది బాబూ? గాలొచ్చింది, లంగరు జారింది, ఓడొచ్చేసింది."

ఆయన మాటలో తప్పేమీ లేదు. జరిగింది అంతే. కానీ దర్యాప్తు చేసే మనిషికి పని మొదలయ్యేదే అక్కడ. అలాంటి ఓడ ఒడ్డెక్కితే అడగాల్సినవి చాలా ఉంటాయి. లంగరు గొలుసు ఎన్ని షాకిళ్లు వదిలారు? (ఓడవాళ్లు గొలుసును మీటర్లలో చెప్పరు, షాకిళ్లలో చెబుతారు. ఒక్కోటి దాదాపు 27 మీటర్లు.) అడుగున ఇసుకా, బురదా? వాతావరణ హెచ్చరిక ఎన్నింటికి అందింది? అందాక ఇంజిన్ సిద్ధంగా ఉంచారా, లేక ఆయిల్ ఖర్చని ఆపేశారా? లంగరు జారుతోందని ముందు గమనించిందెవరు? గమనించినవాడు కెప్టెన్ని నిద్ర లేపాడా, లేక తిడతాడేమోనని పది నిమిషాలు ఆగాడా? ఆ పది నిమిషాల సంగతి ఏ కాగితంలోనూ ఉండదు.

ఓడ ప్రమాదాల దర్యాప్తులు ఏళ్లకేళ్లు ఎందుకు సాగుతాయని మన ఊళ్లో చాలామంది అడుగుతుంటారు. పోర్టు ఊరు కదా, ప్రతి వీధిలోనూ ఓడ మీద పనిచేసే కుర్రాడో, వేటకెళ్లే మనిషో ఉంటాడు. ఏం జరిగిందన్నది చాలాసార్లు వారంలో తెలిసిపోతుంది. ఎందుకు జరిగిందో తెలియడానికి నెలలు పడుతుంది. ఆ 'ఎందుకు'ని లాయర్లూ, ఇన్సూరెన్స్ వాళ్లూ, నాలుగు దేశాల అధికారులూ ఎంత గింజుకున్నా ఊడిపోకుండా బిగించడానికే మిగతా కాలమంతా పోతుంది. కొంత కాలం ఊరికే ఫైలు కదలక కూడా పోతుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఒక వైరు, ఒక లేబుల్

దీనికి 'డాలీ' కంటే మంచి ఉదాహరణ ఈ మధ్య కాలంలో లేదు. 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి కొలంబోకి బయల్దేరిన 300 మీటర్ల కంటెయినర్ ఓడ అది. జెండా సింగపూర్‌ది (అంటే ఓడ నమోదైంది అక్కడ), సిబ్బంది దాదాపు అందరూ మన దేశం వాళ్లే. రాత్రి ఒకటిన్నర కావస్తుండగా ఓడలో కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. అదుపు తప్పిన ఓడ వెళ్లి ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని గుద్దింది. వంతెన మీద గుంతలు పూడుస్తున్న కూలీల్లో ఆరుగురు చనిపోయారు. మొదటిసారి కరెంటు పోయిన దగ్గర్నుంచి వంతెన కూలేదాకా గట్టిగా నాలుగు నిమిషాలు. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ కారణాన్ని తేల్చి ప్రకటించింది 2025 నవంబరు 18న. అంటే ఇరవై నెలలు.

ఓడలో లైట్లు ఆరిపోవడం వీడియోలో ప్రపంచమంతా చూసింది. మరి ఇరవై నెలలు ఏం చేశారు?

ఒక బ్రేకర్ (కరెంటుని తెంచే స్విచ్చు) దానంతటదే ఎందుకు పడిపోయిందో వెతికారు. ఆ బ్రేకర్‌ని నిలబెట్టే సన్నటి సిగ్నల్ వైరు ఒకటి, టెర్మినల్ బ్లాక్ (వైర్లు కలిపే చోటు) దగ్గర వదులుగా ఉందని 2024లోనే కనిపెట్టారు. మనమైతే అక్కడితో ఫైలు మూసేసేవాళ్లం: 'లూజ్ కనెక్షన్'. వాళ్లు మాత్రం అది ఎందుకు వదులైందని అడిగారు. వణుకుకి ఊడిందా, ఎవరైనా సరిగ్గా బిగించలేదా, లేక మొదట్నుంచీ అంతేనా? ఆ భాగాన్ని విప్పి తీసుకెళ్లి పరీక్షించారు. తేలిందేమిటంటే, వైరు చివర దాని నంబరు రాసిన చిన్న ప్లాస్టిక్ లేబుల్ తొడుగు ఉంటుంది కదా, ఆ తొడుగుని సరిగ్గా తొడగకపోవడంతో అది వైరు కొసకి అడ్డుపడింది. దాంతో కొస స్ప్రింగ్ క్లాంపులోకి పూర్తిగా దిగలేదు. చూసేవాడికి దిగినట్టే ఉంది. లాగితే తప్ప తెలియదు.

ఇదంతా మొదటిసారి కరెంటు పోయిన సంగతి. రెండోసారి పోవడానికి కారణం పూర్తిగా వేరు. జనరేటర్లకు ఆయిల్ అందించడానికి అసలు పంపు బదులు, లైన్లు కడగడానికి పెట్టిన ఫ్లషింగ్ పంపుని వాడుతున్నారు. కరెంటు పోయి వస్తే ఆ పంపు దానంతటది మళ్లీ మొదలవ్వదు. ఆయిల్ ఒత్తిడి పడిపోయింది, జనరేటర్లు ఆగిపోయాయి. ముందురోజు రేవులోనే ఓడలో కరెంటు రెండుసార్లు పోయిందని కూడా బయటపడింది. ఆ తర్వాతే సిబ్బంది, నెలల తరబడి వాడుతున్న ట్రాన్స్‌ఫార్మర్ని వదిలి ఇంకోదానికి మారారు. వదులు వైరున్న బ్రేకర్ ఆ రెండోదాని మీద ఉంది. మారకపోతే? ఆ ప్రశ్న ఇంజిన్ రూంలో పనిచేసినవాళ్లను ఎన్ని రాత్రులు నిద్రపోనివ్వదో ఊహించుకోవచ్చు.

లేబుల్ తర్వాత వంతెన మీద పడ్డారు. అంత పెద్ద ఓడలు తిరిగేచోట స్తంభానికి రక్షణ ఉందా, గుద్దితే ఏమవుతుందో ఎవరైనా ముందు లెక్కేశారా? వేయలేదని తేలింది. తుది నివేదికకి ముందే, 2025 మార్చిలో, 19 రాష్ట్రాల్లోని 68 వంతెనల యజమానులకి మీ వంతెన సంగతి లెక్కేసుకోండని చెప్పేశారు. దర్యాప్తు పూర్తయ్యేదాకా హెచ్చరిక ఆపాల్సిన పనిలేదని ఇక్కడ తెలుస్తుంది. ఈ ముక్క మనవాళ్లు నేర్చుకోవాల్సింది.

సముద్రం దాచుకున్న సాక్ష్యం

డాలీ తేలుతూనే ఉంది, వైరు చేతికి దొరికింది. ఓడే మునిగిపోతే?

మన పోర్టుతో చుట్టరికం ఉన్న కథ ఒకటుంది. విశాఖ ఔటర్ హార్బర్ కట్టిందే పెద్ద ఖనిజం ఓడల కోసం. ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ నుంచి కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం) మీద దిగిన ఇనుప ఖనిజం ఇక్కణ్ణుంచి జపాన్ వెళ్లేది. 1980 సెప్టెంబరులో కెనడా నుంచి అదే జపాన్‌కి లక్షన్నర టన్నులకు పైగా ఇనుప ఖనిజంతో వెళ్తున్న 'డెర్బీషైర్' అనే బ్రిటిష్ ఓడ ఒకినావా దగ్గర తుఫానులో మాయమైంది. ప్రమాద సంకేతం కూడా రాలేదు. 44 మంది పోయారు. 1989లో వచ్చిన మొదటి నివేదిక సారాంశం: బహుశా ప్రకృతి శక్తులకు లొంగిపోయి ఉంటుంది. పెద్దాయన తెన్నేటి పార్కు దగ్గర చెప్పిందానికీ దీనికీ తేడా ఏముంది చెప్పండి.

చనిపోయినవాళ్ల కుటుంబాలు ఊరుకోలేదు. కార్మిక సంఘాల డబ్బుతో వెతికిస్తే 1994లో, నాలుగు కిలోమీటర్లకు పైగా లోతులో శిథిలాలు దొరికాయి. వేల ఫొటోలు తీశారు. వాటిని చూసి 1998లో ఇద్దరు నిపుణులు, ముందు భాగంలోని స్టోర్ మూత సిబ్బంది సరిగ్గా బిగించలేదన్నారు. నెపం పోయినవాళ్ల మీదికి వెళ్లింది. మళ్లీ విచారణ జరిగి 2000లో అసలు సంగతి తేలింది: డెక్ ముందున్న గాలిగొట్టాలు అలల దెబ్బకి విరిగి, నీళ్లు లోపలికి దిగి, ఓడ ముక్కు కిందికి వంగింది. అప్పుడు సరుకు నింపే మొదటి ఖానా మూత మీద పడ్డ నీటి బరువుకి మూత కూలిపోయింది. సిబ్బంది తప్పేమీ లేదు. ఇరవై ఏళ్లు పట్టింది. తొందరపడి 1998 దగ్గరే ఆగి ఉంటే ఆ నింద అలాగే ఉండిపోయేది.

పూర్వం త్వరగా తేల్చేసేవారు అనేవాళ్లకి ఇంకో సంగతి. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగితే బ్రిటిష్ విచారణ జూలై చివరికల్లా ముగిసింది. ఓడ ముక్కలవకుండా మునిగిందని రాశారు. రెండు ముక్కలైందని బతికొచ్చినవాళ్లలో కొందరు చెప్పినా పట్టించుకోలేదు. 1985లో సముద్రం అడుగున ఓడ రెండు ముక్కలుగా కనిపించింది.

లోతు సంగతి మన ఊరికి కొత్త కాదు. 2016 జూలైలో చెన్నై దగ్గర్నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతంలో మాయమైన వాయుసేన ఏఎన్-32 విమానంలో 29 మంది ఉంటే, ఎనిమిదిమంది ఇక్కడి నేవల్ ఆర్మమెంట్ డిపో వాళ్లు. ఆ విమానం శకలాలుగా భావిస్తున్నవి 3,400 మీటర్ల లోతులో కనిపించాయని చెప్పింది 2024 జనవరిలో. ఇక 1971 డిసెంబరులో మన హార్బర్ ఎదుటే మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఎందుకు పేలిందో రెండు దేశాలూ ఇప్పటికీ రెండు కథలు చెబుతాయి. ఒడ్డు నుంచి చూసినంత దూరంలో ఉన్నదాని సంగతే ఇది.

ఓడల్లో కూడా బ్లాక్ బాక్స్ లాంటిది ఉంటుంది. వీడీఆర్ (వాయేజ్ డేటా రికార్డర్) అంటారు. ఓడ బ్రిడ్జ్ (ఓడని నడిపే గది) మీద మాటలు, రేడియో సంభాషణ, రాడార్ తెర, వేగం, దిశ, చుక్కానికి ఇచ్చిన ఆర్డర్లు, అన్నీ రికార్డవుతాయి. 2014 తర్వాత వచ్చిన వాటిలో ఓడ నెత్తిన ఉండే నారింజ రంగు క్యాప్సూల్‌లో 48 గంటల రికార్డు ఉంటుంది, పాతవాటిలో కనీసం 12 గంటలుంటే చాలు. ఆ తర్వాత పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది. మా పెద్దమ్మగారబ్బాయి చీఫ్ ఆఫీసర్. ఓసారి సెలవుకొచ్చినప్పుడు అన్నాడు: "ఒరేయ్, ఏదైనా అయితే ముందు సేవ్ బటన్ నొక్కాలి అని ప్రతి డ్రిల్‌లోనూ చెబుతాంరా. నిజంగా అయినప్పుడు అందరూ మర్చిపోయేది అదే."

రికార్డు దొరికినా పని తీరదు. 2015 అక్టోబరులో తుఫానులో మునిగిన అమెరికా ఓడ 'ఎల్ ఫారో'లో 33 మంది చనిపోయారు. దాని వీడీఆర్‌ని దాదాపు 4,600 మీటర్ల లోతు నుంచి పైకి తేవడానికే పది నెలలు పట్టింది. అందులో 26 గంటల మాటలు. గాలి హోరులో సగం వినపడని మాటల్ని పదం పదం రాస్తే దాదాపు 500 పేజీలైంది. అది ఒక్క ఇంగ్లీషే. మన కుర్రాళ్లున్న ఓడల్లో కెప్టెన్‌తో ఇంగ్లీషు, పక్కవాడితో హిందీ, ఇద్దరు శ్రీకాకుళం వాళ్లు కలిస్తే తెలుగు. "ఒరే, ఆడు మన మీదకొచ్చేస్తన్నాడ్రా" అన్న మాట విని, అది భయమా, విసుగా, సరదాయా అని చెప్పగలిగిన మనిషిని పట్టుకురావాలి. ఆ మనిషి చెప్పింది సరేనా అని చూడ్డానికి ఇంకొకరు కావాలి.

ఎవరి ఓడ, ఎవరి నీళ్లు

2025 మే 25న కొచ్చి దగ్గర మునిగిన 'ఎంఎస్‌సీ ఎల్సా 3' తీసుకోండి. జెండా లైబీరియాది. కంపెనీ కేంద్రం జెనీవా. కెప్టెన్ రష్యన్, సిబ్బందిలో ఇరవైమంది ఫిలిప్పీన్స్ వాళ్లు, మిగతావాళ్లు ఉక్రెయిన్, జార్జియా. బయల్దేరింది విళింజం నుంచి, కాలుష్యం కేరళ ఒడ్డుకి. 640 కంటెయినర్లు, అందులో ఎవరి సరుకు వాళ్లది. దర్యాప్తు ఎవరు చేయాలి?

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం, ఓడ పూర్తిగా పోయినా, మనిషి చనిపోయినా, పర్యావరణానికి తీవ్రంగా నష్టం కలిగినా భద్రతా దర్యాప్తు తప్పనిసరి. 2010 జనవరి నుంచి అమల్లో ఉన్న కోడ్ అది. మొదటి బాధ్యత జెండా దేశానిది. ప్రమాదం జరిగిన తీరం దేశానికీ హక్కుంటుంది. ఎవరు ముందుండాలో మాట్లాడుకోవడంతోనే కథ మొదలవుతుంది. ముసాయిదా తయారయ్యాక సంబంధమున్న దేశాలకు పంపాలి, వాళ్లకి అభిప్రాయం చెప్పడానికి 30 రోజులు. వాళ్లు రాసిన అభ్యంతరాల్ని పరిశీలించాకే తుది నివేదిక రాయాలి. జెండాని అద్దెకిచ్చినట్టు ఇచ్చే దేశాల్లో కొన్నిటికి, సొంత ఓడల మీద దర్యాప్తు అంటే పెద్ద ఉత్సాహం ఉండదన్నది నౌకా వర్గాల్లో బహిరంగ రహస్యం.

ఇది కాక పక్కన ఇంకో అరడజను దర్యాప్తులు నడుస్తుంటాయి. పోలీసులది ఎఫ్ఐఆర్. ఇన్సూరెన్స్ వాళ్ల సర్వేయర్ వేరు, సరుకు యజమాని సర్వేయర్ వేరు. హైకోర్టులో నష్టపరిహారం కేసు వేరు. ఎల్సా మీద కేరళ ప్రభుత్వం అడిగింది 9,531 కోట్లు. అంత డబ్బు మీద కన్నున్నప్పుడు, ఎవరైనా భద్రతా అధికారి దగ్గర కూర్చుని నోరు విప్పి 'అవునండీ, ఆ పంపు మేం అలా వాడకూడదు' అంటారా?

చిక్కుముడుల్లో అసలు పీటముడి ఇదే. భద్రతా దర్యాప్తు ఉద్దేశం తప్పు ఎవరిదో తేల్చడం కాదు, మళ్లీ జరగకుండా చూడటం. అందుకే అక్కడ చెప్పిన మాట కోర్టులో వాడకూడదంటారు. కానీ ఓడవాడికి గుర్తుండేది వేరే. 2007లో కొరియా తీరంలో లంగరేసి ఉన్న 'హెబెయ్ స్పిరిట్'ని ఒక క్రేన్ బార్జి వచ్చి గుద్దితే, గుద్దించుకున్న ఓడలోని ఇద్దరు భారతీయ ఆఫీసర్లను ఏడాదిన్నర పాటు ఇంటికి వెళ్లనివ్వలేదు. 2020లో మారిషస్ దగ్గర రీఫ్ (పగడపు దిబ్బ) ఎక్కిన 'వాకాషియో' కెప్టెన్ కూడా మనవాడే, జైల్లో గడిపాడు. ఇవి విన్నవాడు ముందు లాయర్ని పిలుస్తాడు. లాయర్ వచ్చాక ఒక్కో ఇంటర్వ్యూకి ఒక్కో నెల.

మన దేశంలో ఆ రెండు దారులూ చాలాకాలం ఒకే గుమ్మంలోంచి వెళ్లాయి. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం కింద ముందు ప్రాథమిక విచారణ, అవసరమైతే మెజిస్ట్రేట్ ముందు అధికారికంగా పూర్తి విచారణ, అక్కడ ఆఫీసర్ సర్టిఫికెట్ రద్దయ్యే అవకాశం. సర్టిఫికెట్ ఇచ్చేది, ఓడని తనిఖీ చేసేది, ప్రమాదం జరిగితే విచారించేది అంతా డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ గొడుగు కిందే. 2025లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. చట్టం మారినంత త్వరగా అలవాటు మారదు. బ్రిటన్‌లో 1987లో ఒక ఫెర్రీ బోల్తాపడి 193 మంది చనిపోయాకే, నియంత్రణ శాఖతో సంబంధం లేని వేరే దర్యాప్తు సంస్థ 1989లో పుట్టింది. విమానాలకి మనమూ అలాంటి బ్యూరో పెట్టుకున్నాం. ఓడలకి ఇన్నేళ్లు ఎందుకు ఆగామో నాకు అర్థం కాదు.

అందుకే అన్ని ఆలస్యాల్నీ ఒకే గాటన కట్టడం నాకిష్టం లేదు. లేబుల్ కోసం వెతికిన ఇరవై నెలల్ని నేను ఆలస్యమనను. ఏడాది నిండినా చిన్న మధ్యంతర ప్రకటన కూడా ఇవ్వకపోతే, ఇంటిదగ్గర ఎదురుచూసే తల్లికి ఒక్క కాగితం అందకపోతే, అది ఆలస్యమే. ఒక మాట మాత్రం ఓడవాళ్ల ఇళ్లలో తెలిసుండాలి: కాంట్రాక్టు ప్రకారం రావాల్సిన మరణ పరిహారానికి సాధారణంగా ఈ నివేదికతో పని లేదు. రిపోర్టు వచ్చాక చూద్దామని ఎవరైనా ఏజెంటు అంటే ఏ నిబంధన కింద అంటున్నాడో రాసిమ్మని అడగండి. శరీరం దొరకని కేసుల్లోనే అసలు యాతన. పాత సాక్ష్యాధార చట్టమైనా, దాని చోట వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమైనా, ఏడేళ్లు కబురు లేకపోతేనే మనిషి లేడని అనుకోమంటుంది.

దర్యాప్తు ఆలస్యమనే మాటకి కూడా నోచుకోని ప్రమాదాలున్నాయి. మా వీధికి చేపలు తెచ్చే పిన్ని పెదజాలరిపేట మనిషి. డాలీ గురించి చెబితే లేబుల్ సంగతి విని నవ్వింది. "మా బోటుకి లేబులేటి, బల్బు ఎలిగితే గొప్ప" అంది. ఆ అంతర్జాతీయ కోడ్ రాసింది పెద్ద ఓడల కోసం. ఫిషింగ్ హార్బర్ నుంచి వెళ్లే మెకనైజ్డ్ బోట్లకి వీడీఆర్ ఉండదు. బోటు ఎక్కడుందో చెప్పే ట్రాన్స్‌పాండర్లు ఇప్పుడిప్పుడే పెడుతున్నారు. రాత్రిపూట పెద్ద ఓడ చెక్కబోటుని గుద్దితే, ఓడ మీదున్నవాళ్లకి కుదుపు కూడా తెలియకపోవచ్చు. 2012లో అలప్పుళ తీరంలో 'ప్రభు దయ' అనే ఓడ గుద్ది ఐదుగురు జాలర్లు పోయినప్పుడు ఓడ ఆగకుండా వెళ్లిపోయింది.

ఇక్కణ్ణుంచి వేటకెళ్లిన బోటు తిరిగి రావడానికి పది పదిహేను రోజులు పడుతుంది. మూడోరోజు రాత్రి గుద్దితే, ఒడ్డున ఇంట్లోవాళ్లు టెన్షన్ పడటం మొదలయ్యేది పదహారో రోజుకి. ఇంకో రెండు రోజులు చూద్దామని అనుకుని, ఆ తర్వాత అధికారుల దగ్గరికి వెళ్తారు. అప్పటికి ఆ ఓడ క్యాప్సూల్‌లో 48 గంటల రికార్డు మీద కొత్త రికార్డు ఎన్నోసార్లు ఎక్కేసి ఉంటుంది. ఓడ ఏదో కనిపెట్టాలంటే ఆ రాత్రి ఆ దారిన వెళ్లిన ఓడలన్నిటి జాడా తీయాలి, ఒక్కొక్కటీ ఏ రేవుకి చేరిందో వెతికి, దాని ముందు భాగం మీద గీత ఉందేమో చూడమని ఆ దేశంవాళ్లని బతిమాలాలి. ఈలోగా ఓడకి రంగు వేయించకుండా ఉంటే, ఆ గీతలో బోటు రంగు కాస్త అంటుకుని ఉంటే, అదే సాక్ష్యం.